స్థలం ఉచితమే, స్టేషన్ కాదు: ఒక పట్టణంలో కొత్త ఫైర్ స్టేషన్ నిధుల వివాదం

అగ్నిమాపక సేవలకు ప్రణాళికలు వేయడం నా వృత్తి. స్టేషన్ ఎక్కడ ఉండాలి, ఎంతమంది కావాలి, ఏటా ఎంత ఖర్చవుతుంది అని లెక్కగట్టి మున్సిపల్ కౌన్సిళ్లకు నివేదికలు ఇస్తుంటాను. ఈ కేసులో పట్టణం పేరు చెప్పను, వాళ్ల బడ్జెట్ అంకెలు కూడా బయటపెట్టను. లెక్క అవసరమైన చోట గుండ్రటి అంకెలు వేసి పద్ధతి చూపిస్తాను.

పరిస్థితి ఇదీ. రైలు పట్టాలకు ఒకవైపు పాత పట్టణం. ఉన్న ఒక్క ఫైర్ స్టేషన్ అక్కడే, మార్కెట్‌కు దగ్గర్లో ఉంది. పట్టాలకు రెండోవైపు ఒకప్పుడు ఖాళీ నేల. ఇప్పుడక్కడ కాలనీలు, గోడౌన్లు, స్కూళ్లు వచ్చాయి. రెండింటి మధ్య ఒక లెవెల్ క్రాసింగ్. గేటు పడిందంటే ఫైరింజన్ అయినా ఆగాల్సిందే. కొత్త వైపు ఒక గోడౌన్ తగలబడిన రోజు సరిగ్గా అదే జరిగింది. ప్రాణనష్టం లేదు. కానీ గేటు ముందు సైరన్ మోగిస్తూ నిలబడిపోయిన ఇంజన్ వీడియో ఊరంతా తిరిగింది. కొద్ది రోజుల్లోనే కొత్త స్టేషన్ తీర్మానం కౌన్సిల్ ముందుకొచ్చింది.

ఆ వెంటనే అన్నీ కలిసొచ్చినట్టు కనిపించాయి. కొత్త వైపు లేఅవుట్ వేసిన బిల్డర్ స్టేషన్‌కు స్థలం ఉచితంగా ఇస్తానని లేఖ పెట్టాడు. భవనానికి పై ప్రభుత్వం నుంచి గ్రాంటు వచ్చే అవకాశం ఉందన్నారు. నన్ను పిలిచింది, మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఈ ప్రతిపాదన మీద సాంకేతిక ముద్ర వేయడానికి.

మూడు వర్గాలు, మూడు భయాలు

కొత్త వైపు వార్డు సభ్యుల వాదన సూటిగా ఉంది. మొదటి సమావేశంలోనే ఒకావిడ లేచి, "మా దగ్గర పన్ను వసూలు చేసేటప్పుడు గేటు అడ్డం రాలేదు కదండీ" అన్నారు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

పాత పట్టణం సభ్యులు స్టేషన్ వద్దనలేదు. ఉన్న స్టేషన్‌లోనే ఖాళీలు భర్తీ కాలేదని, కొత్తది కడితే ఇక్కడి వాళ్లనే అక్కడికి పంపుతారని వాళ్ల అనుమానం. బోర్డులు రెండు, సిబ్బంది మాత్రం పాతవాళ్లే అవుతారన్నది వాళ్ల మాట. బయటివాళ్లకు ఇది స్వార్థంగా కనిపించింది. నాకు మాత్రం ఆ గదిలో వినిపించిన వాదనల్లో అన్నిటికంటే బరువైనది ఇదేననిపించింది.

మూడో వర్గం ఫైనాన్స్ విభాగం. ఆ అధికారి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఏనుగును ఊరికే ఇచ్చినా మేత మనమే పెట్టాలి" అని ఒక్క మాట అని ఊరుకున్నారు.

నిమిషాల పంచాయితీ

సమావేశాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ఇంజన్ ఎన్ని నిమిషాల్లో వస్తుంది? స్టేషన్ లెక్కలో సగటు బాగానే ఉంది. ప్రజల అనుభవం మాత్రం వేరు. ఇలాంటి తేడా కనిపించినప్పుడు నేను మొదట అడిగేది రిజిస్టర్. ఇక్కడ దాదాపు ప్రతి ఎంట్రీలోనూ సమయం చివర సున్నా లేదా ఐదు ఉంది. అంటే గడియారం చూసి రాసిన సమయాలు కావవి, తిరిగొచ్చాక గుర్తు చేసుకుని రాసినవి. వాటి మీద సగటు కట్టడంలో అర్థం లేదు. కంట్రోల్ రూమ్ ఫోన్ రికార్డులు, వాహనాల జీపీఎస్ డేటా తెప్పించి మళ్లీ మొదలుపెట్టాం.

రెండో చిక్కు సగటుతోనే. పది కాల్స్‌లో ఎనిమిదింటికి 4 నిమిషాల్లో, రెండింటికి 14 నిమిషాల్లో చేరితే సగటు 6 నిమిషాలు వస్తుంది. కాగితం మీద ఆ 6 ముచ్చటగానే ఉంటుంది. 14 నిమిషాలు ఎదురుచూసిన ఆ రెండిళ్లు మాత్రం అందులో కనిపించవు. అందుకే ఈ రంగంలో సగటును పక్కనపెట్టి, 90 శాతం కాల్స్‌కు ఎంతలోపు చేరారన్నది చూస్తారు. అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ (ఎన్‌ఎఫ్‌పీఏ) ఇచ్చిన 1710 నంబరు ప్రమాణం కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. మంటల కాల్ వచ్చాక సిబ్బంది తయారై బండి కదలడానికి 80 సెకన్లు, మొదటి ఇంజన్ ప్రయాణానికి 240 సెకన్లు. పదింటికి తొమ్మిదిసార్లు ఈ గడువు అందుకోవాలి.

ఆ నాలుగు నిమిషాల పట్టుదల ఎందుకో సభ్యులకు వివరించాల్సి వచ్చింది. అమెరికాలో వస్తువుల భద్రతను పరీక్షించే అండర్‌రైటర్స్ లేబరేటరీస్ ప్రయోగం ఒకటుంది. పాతకాలం కలప, నూలు సామాన్లతో నింపిన గదికి నిప్పు పెడితే, గదిలో ఉన్నదంతా ఒక్కసారిగా భగ్గుమనే దశకు (దాన్నే ఫ్లాషోవర్ అంటారు) చేరడానికి 29 నిమిషాలు దాటింది. ఫోమ్ సోఫా, సింథటిక్ కర్టెన్లు ఉన్న నేటి గది నాలుగు నిమిషాల లోపే ఆ దశకు చేరింది. అంటే ఇంజన్ అదే వేగంతో వచ్చినా, మన ఇళ్లే వేగంగా కాలుతున్నాయి.

నిజమైన రికార్డులు వచ్చాక అసలు ఆలస్యం ఎక్కడుందో బయటపడింది. గేటు ఒక కారణమే. కానీ దానికంటే ముందే, స్టేషన్ లోపలే చాలా సమయం పోతోంది. విశ్రాంతి గది మేడ మీద, ప్రొటెక్టివ్ సూట్లు వెనక స్టోర్‌లో, షెడ్డు తలుపు చేత్తో ఎత్తాల్సింది. ఒక నిమిషమే కదా అని తేలిగ్గా తీసుకుంటారు గానీ, లెక్క వేసి చూడండి. ఇంజన్ సగటున గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే నిమిషానికి 600 మీటర్లు. నాలుగు నిమిషాల్లో 2.4 కిలోమీటర్లు, ఐదు నిమిషాల్లో 3 కిలోమీటర్లు. దూరం పావు వంతే పెరిగినా, విస్తీర్ణం దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అందుకునే ప్రాంతం 56 శాతం పెరుగుతుంది. స్టేషన్ లోపల ఒక్క నిమిషం తగ్గితే, ఇటుక పేర్చకుండానే ఇప్పటి పరిధికి మరో సగం పైన కలుస్తుంది.

ఈ లెక్క చూపించగానే పాత పట్టణం వాళ్లు "అయితే కొత్త స్టేషన్ ఎందుకు?" అన్నారు. ఎందుకంటే, సిబ్బంది ఎంత త్వరగా కదిలినా మూసిన గేటు తెరుచుకోదు. రెండు పనులూ అవసరమే. ముందుగా ఏది చేయాలి, ఏది చవక అన్నదే తేడా.

కొత్త వైపు వాళ్ల అంచనా ఒకటి కూడా సరిచేయాల్సి వచ్చింది. ఒకటి ఉన్నచోట రెండు స్టేషన్లు ఉంటే సమయం సగమవుతుందని వాళ్లు కరపత్రం వేశారు. 1970ల మొదట్లో న్యూయార్క్ నగరం కోసం రాండ్ సంస్థ పరిశోధకులు ఈ విషయం మీద పనిచేశారు. వాళ్లలో కోలెసర్, బ్లమ్ 1973లో ప్రచురించిన సూత్రం ప్రకారం సగటు ప్రయాణ దూరం స్టేషన్ల సంఖ్య వర్గమూలానికి విలోమంగా మారుతుంది. స్టేషన్లు రెట్టింపైతే దూరం సుమారు 30 శాతం తగ్గుతుంది. సగం కావాలంటే నాలుగు స్టేషన్లు కావాలి. ఇది సరళ సూత్రం. ఇందులో రైలు గేట్లు, నదులు ఉండవు. మన పట్టణంలో గేటు ఉంది కాబట్టి కొత్త వైపు లాభం ఇంతకంటే ఎక్కువే. ఆ మాట నివేదికలో రాశాను. అయినా కరపత్రం వేసినవాళ్లకు నా మీద కోపం పోలేదు.

ఉచిత స్థలం సంగతి

బిల్డర్ ఇస్తానన్న స్థలం చూడటానికి వెళ్తే సమస్య పటం లేకుండానే కనిపించింది. అది పట్టణం చివరి హద్దు మీద ఉంది. ఆ స్టేషన్ నాలుగు నిమిషాల్లో చేరగల ప్రాంతాన్ని గీస్తే సుమారు సగం ఖాళీ పొలాల మీద, మున్సిపల్ హద్దు బయట పడుతోంది. మిగతా సగంలో ఎక్కువ భాగం బిల్డర్ ఇంకా అమ్మాల్సిన ప్లాట్లు. జనం ఇప్పటికే ఉంటున్న కాలనీలు, గోడౌన్లు ఆ గీతకు అవతల మిగిలాయి. పైగా ముందున్నది డివైడర్ రోడ్డు. పట్టణం వైపు తిరగాలంటే ఇంజన్ ముందు ఎదురు దిశలో వెళ్లి యూటర్న్ తీసుకోవాలి. దానపత్రం ముసాయిదాలో ఇంకో షరతు: నిర్ణీత గడువులో భవనం కట్టకపోతే స్థలం తిరిగి బిల్డర్‌కే.

బిల్డర్‌ది దురుద్దేశమని నేను అనను. దగ్గర్లో ఫైర్ స్టేషన్ ఉంటే ప్లాట్లకు గిరాకీ పెరుగుతుంది, ఆయన లెక్క ఆయనది. కానీ ఈ వృత్తిలో పదే పదే చూసేది ఇదే. స్టేషన్ ఎక్కడ కావాలో చూసి స్థలం వెతకడం పోయి, స్థలం ఎక్కడ దొరికిందో చూసి స్టేషన్ కావాలంటారు. సౌకర్యాలు ఎక్కడ పెడితే ఎక్కువమందికి అందుతాయో లెక్కగట్టే పద్ధతులు చాలా కాలంగా ఉన్నాయి. 1971లో టోరెగాస్ అనే పరిశోధకుడి బృందం అందరినీ గడువులోపు అందుకోవడానికి కనీసం ఎన్ని కేంద్రాలు కావాలో తేల్చే నమూనా ఇచ్చింది. 1974లో చర్చ్, రెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని తిరగేసి, ఉన్న డబ్బుతో ఇన్ని కేంద్రాలే పెట్టగలిగితే ఎక్కువమందికి అందేలా ఎక్కడ పెట్టాలని అడిగారు. పేద పట్టణాలకు పనికొచ్చేది రెండోదే. దాన్ని నడిపితే మంచి చోటు క్రాసింగ్ దాటాక కొద్ది దూరంలో, గోడౌన్ల రోడ్డు మొదట్లో తేలింది. అక్కడ కౌన్సిల్‌కే ఒక చిన్న జాగా ఉంది, పాత సామాన్లు పడేసి ఉంది.

పటం గోడకు తగిలించిన రోజు ఒక ఇబ్బంది వచ్చింది. అందరూ నేరుగా తమ ఇల్లు గీత లోపలుందా బయటుందా అని చూసుకున్నారు. నాలుగు నిమిషాల గీతకు ఇవతలివాళ్లు సురక్షితం, అవతలివాళ్లు అనాథలు అన్నట్టు గొడవ మొదలైంది. గీత అవతలి వీధికి నాలుగు నిమిషాల పది సెకన్లు పడుతుందంతే. ఆ తర్వాతి సమావేశం నుంచి గీత తీసేసి, రంగు మెల్లగా పలచబడే పటం పెట్టించాను. గొడవ పూర్తిగా ఆగలేదు గానీ కాస్త నెమ్మదించింది.

ఇరవైమంది జీతం

చర్చలో మూడొంతులు భవనం ఖర్చు మీదే నడిచింది. ఎన్ని షెడ్లు, ఎన్ని అంతస్తులు, గ్రాంటు ఎంత... నా దృష్టిలో ఈ వివాదమంతటిలో అతి తక్కువ ముఖ్యమైన అంకె అదే.

ఒక ఇంజన్ మీద రాత్రింబవళ్లు నలుగురు ఉండాలనుకుందాం. వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు వారానికి 42 గంటలు పనిచేస్తే ఒక్క సీటుకే నలుగురు కావాలి. నాలుగు సీట్లకు పదహారుమంది. సెలవులు, శిక్షణ, అనారోగ్యం కలిపి ఏ సమయంలోనైనా అయిదో వంతు మంది డ్యూటీలో ఉండరనుకుంటే పదహారు కాస్తా ఇరవై అవుతుంది. రోడ్డు మీద నలుగురు కనిపించాలంటే జీతాల పట్టీలో ఇరవైమంది ఉండాలి. ఈ ఒక్క లెక్క సమావేశం గదిలో బోర్డు మీద వేసినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నలుగురెందుకు, ఇద్దరు చాలరా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2010లో ఇంటి మంటల మీద క్షేత్ర పరీక్షల నివేదిక ఇచ్చింది. అందులో నలుగురి బృందాలు మొత్తం పనిని ఇద్దరి బృందాలకంటే సుమారు 7 నిమిషాలు, అంటే దాదాపు 30 శాతం త్వరగా ముగించాయి. ముగ్గురితో పోల్చినా 5 నిమిషాల తేడా వచ్చింది. ముగ్గురితో నడిపితే ఇరవై పోస్టులు పదిహేనవుతాయి. అది రాజీయే. కానీ తెలిసి చేసుకునే రాజీ. కాగితం మీద నలుగురని రాసి నిజంగా ఇద్దరితో నడపడం కంటే నయం.

ఇక ఏటా పెరిగే సంగతి. జీతాల బిల్లు ఏటా 6 శాతం పెరిగితే సుమారు 12 ఏళ్లలో రెట్టింపవుతుంది. పన్ను ఆదాయం ఏటా 3 శాతమే పెరిగితే రెట్టింపుకు దాదాపు 24 ఏళ్లు పడుతుంది. మొదటి ఏడాది బడ్జెట్‌లో సరిపోయిన స్టేషన్ పదో ఏడాదికి భారమయ్యేది ఇందుకే. వాహనం సంగతీ ఉంది. 15 ఏళ్లు దాటిన ఇంజన్‌ను మొదటి వరుస నుంచి తప్పించి రిజర్వులో పెట్టమని ఎన్‌ఎఫ్‌పీఏ సూచన. అంటే భవనం జీవితకాలంలో రెండు మూడుసార్లు కొత్త బండి కొనాలి. దానికి ఏటా కొంత పక్కన పెట్టకపోతే పదహారో ఏట మళ్లీ ఇదే గొడవ.

గ్రాంటు కట్టడానికే వస్తుంది, నడపడానికి రాదు. జీతాలకు వచ్చేవి కూడా గడువుతోనే వస్తాయి. అమెరికాలో సేఫర్ అనే ఫెడరల్ గ్రాంటు సిబ్బంది జీతాలకు కూడా ఇస్తారు. సాధారణంగా మూడేళ్లకు అది ఆగిపోతుంది. తర్వాత ఆ జీతాలు పట్టణమే మోయాలి. నివేదికలో ఈ పేరా కింద ఫైనాన్స్ అధికారి రెండు గీతలు గీసి తిరిగి పంపారు.

బీమా ప్రీమియం తగ్గుతుంది, ఆ మిగులుతోనే ఖర్చు తీరిపోతుంది అన్న వాదన కూడా వచ్చింది. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఈ మాట తెస్తారు. బీమా సంస్థల కోసం పట్టణాలకు రేటింగ్ ఇచ్చే అమెరికా ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్ (ఐఎస్ఓ) పద్ధతిలో అగ్నిమాపక విభాగానికి 50 పాయింట్లయితే, నీటి సరఫరాకే 40. స్టేషన్ కట్టి, పైపుల్లో ప్రెజర్ లేకపోతే ఫలితం సగమే. ప్రీమియం ఎంత తగ్గిస్తారో రాతపూర్వకంగా చెప్పమని బీమా కంపెనీలను అడిగాం. ఎవరూ ఇవ్వలేదు. ఆ ఆదాను లెక్కలో సున్నాగా వేశాం.

ఎవరు కట్టాలి?

కొత్త వైపు వాళ్లకే ప్రత్యేక పన్ను వేయాలని కొందరు, ఇష్టమైన ఇళ్లే చందా కట్టాలని ఇంకొందరు. చందా పద్ధతి వద్దని నేను గట్టిగానే రాశాను. 2010లో టెన్నెసీ రాష్ట్రంలోని సౌత్ ఫుల్టన్‌లో ఏం జరిగిందో చూస్తే చాలు. ఊరి బయటి ఇళ్లు ఏటా 75 డాలర్లు కడితేనే ఫైర్ విభాగం వచ్చేది. కట్టని ఒక కుటుంబం ఇల్లు కాలిపోతుంటే సిబ్బంది వచ్చి, పక్కింటి స్థలం వైపు మంట రాకుండా చూసుకుని, ఆ ఇంటిని మాత్రం ఆర్పలేదు. నియమం ప్రకారం వాళ్లు చేసింది తప్పు కాదు. అలాంటి నియమం పెట్టుకున్న ఊరు ఎలాంటి స్థితికి వస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇది పాత గొడవే. 19వ శతాబ్దంలో లండన్‌లో మంటలార్పే దళాన్ని బీమా కంపెనీలే నడిపేవి. 1861లో టూలీ స్ట్రీట్ గిడ్డంగుల మంటలో దళపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ చనిపోయారు, కంపెనీలకు భారీ నష్టం వచ్చింది. ఇక మా వల్ల కాదని వాళ్లు చేతులెత్తేశారు. 1865లో చట్టం చేసి, స్థానిక పన్ను, బీమా కంపెనీల వాటా, ప్రభుత్వ నిధి, మూడూ కలిపి కొత్త దళం నడిపారు. లాభం పొందే వాళ్లందరి దగ్గరా కొంత తీసుకోవడమే దాని సారం.

నేను సూచించింది దానికి దగ్గరగానే ఉంది. కొత్త లేఅవుట్ల దగ్గర వసూలు చేసే అభివృద్ధి రుసుము భవనానికి, బండికి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ రుసుమును జీతాలకు వాడటం చట్టమే ఒప్పుకోదు, అది మంచి కట్టుబాటు. జీతాలకు మాత్రం పట్టణం మొత్తం మీద చిన్న శాతం. పాత పట్టణం వాళ్లు ఎందుకు కట్టాలంటే, వాళ్ల ఇంజన్ గేటు అవతల చిక్కుకున్నప్పుడు పాత పట్టణంలో రెండో మంట వస్తే ఇప్పుడు ఎవరూ లేరు. రెండో స్టేషన్ వాళ్లకూ రక్షణే. ఈ ఒక్క వాదన పాత వైపు కొందరి మనసు మార్చింది. అందరిదీ కాదు.

కొత్త ఇళ్లలో స్ప్రింక్లర్లు (మంట వేడికి వాటంతటవే నీళ్లు చల్లే గొట్టాలు) తప్పనిసరి చేస్తే స్టేషనే అక్కర్లేదు కదా అని ఒక ఇంజనీరు అడిగారు. అరిజోనాలోని స్కాట్స్‌డేల్ 1985లోనే అలాంటి స్థానిక చట్టం చేసింది. మంచి పని. కానీ ఇప్పటికే కట్టిన ఇళ్లకు, గోడౌన్లకు అది వర్తించదు, యాక్సిడెంట్ కాల్స్‌కూ పనికిరాదు. నివేదికలో దాన్ని వేరే సూచనగా పెట్టాను. కౌన్సిల్ దాన్ని కమిటీకి పంపింది.

తీర్మానం

బిల్డర్ స్థలాన్ని కౌన్సిల్ మర్యాదగా వద్దంది. గోడౌన్ల రోడ్డు మొదట్లోని సొంత జాగాలో ఒకే ఇంజన్, రెండు షెడ్ల చిన్న స్టేషన్‌కు ఒప్పుకుంది. రెండో షెడ్డు తర్వాతి అవసరాలకు. పాత స్టేషన్‌లో తలుపులకు మోటార్లు, సూట్లకు షెడ్డులోనే ర్యాకులు, కంట్రోల్ రూమ్‌లో సమయం దానంతటదే నమోదయ్యే ఏర్పాటు వెంటనే చేయాలని తీర్మానించారు. ఇవి ఏ గ్రాంటూ అవసరం లేకుండా మామూలు నిర్వహణ నిధిలోంచే అయిపోయాయి.

నేను పట్టుబట్టిన క్లాజు ఒకటే. పోస్టులు మంజూరై, వాటి జీతాలకు బడ్జెట్‌లో పద్దు పడ్డాకే భవనానికి టెండర్ పిలవాలి. పాత స్టేషన్ సిబ్బందిని శాశ్వతంగా కొత్తదానికి మార్చకూడదు. దీనివల్ల పని ఆలస్యమవుతుందని, గ్రాంటు గడువు దాటిపోతుందని కొత్త వైపు సభ్యులు తీవ్రంగా వ్యతిరేకించారు. వాళ్ల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. చివరికి గ్రాంటు గడువు పొడిగింపుకు లేఖ రాసి క్లాజు ఉంచారు. ఓటింగ్‌లో పాత పట్టణం నుంచి కొందరు, కొత్త వైపు చివరి కాలనీల సభ్యుడు ఒకరు వ్యతిరేకంగా చేయెత్తారు. ఆ చివరి కాలనీలకు గడువు ఇంకా అందడం లేదు, అది ఆయన తప్పు కాదు. అక్కడ ముందుగా హైడ్రెంట్లు (ఫైరింజన్లకు నీళ్లందించే వీధి కుళాయిలు) వేస్తామని హామీ రాయించుకుని ఆయన కూర్చున్నారు.

నా చివరి పర్యటన నాటికి భవనం పునాది దాకా వచ్చింది. ముగ్గురి బృందం లెక్కన పోస్టులు మంజూరయ్యాయి. నాలుగో మనిషి సంగతి రెండేళ్ల తర్వాత, 90 శాతం కాల్స్ లెక్క చూసి తేలుస్తామన్నారు. డ్రైవర్ పోస్టుల్లో కొన్నిటికి అర్హులు దొరక్క నోటిఫికేషన్ మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. ప్రతి మూడు నెలలకూ కాల్స్ సమయాలు నోటీసు బోర్డులో పెట్టాలన్న తీర్మానం మాత్రం అప్పటికే అమలవుతోంది. మొదటి షీట్ మీద ఎవరో పెన్నుతో తమ వీధి పేరు రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.